స్టేజ్ చెప్పని సంగతి: తల, మెడ కేన్సర్‌లో తోడు జబ్బులు ఆయుష్షును ఎలా మారుస్తాయి

నోట్లోనో గొంతులోనో ఉన్న పుండు కేన్సరేనని బయాప్సీలో తేలగానే ఇంటిల్లిపాదీ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ స్టేజ్? అది చెప్పడానికి డాక్టర్ చూసేవి మూడు. గడ్డ ఎంత పెద్దది, మెడలోని లింఫ్ గ్రంథులకు పాకిందా, ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు చేరిందా. ఈ మూడూ కలిపితే 1 నుంచి 4 లోపు ఒక అంకె వస్తుంది. ఇక ఆశ, భయం, టెన్షన్ అన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి.

ఆ అంకె గడ్డ గురించి చాలా చెబుతుంది, గడ్డను మోస్తున్న మనిషి గురించి ఏమీ చెప్పదు. పదేళ్లుగా షుగరు ఉందా, రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చిందా, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అన్న సంగతులకు అందులో చోటు లేదు. ఒకే స్టేజ్‌లో ఉన్న ఇద్దరిలో ఒకరు పదేళ్లు హాయిగా బతికి, మరొకరు ఏడాదిన్నరకే కన్నుమూస్తే, ఆ తేడాకు కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. వైద్య భాషలో వీటిని కోమార్బిడిటీలంటారు. ఇక్కడ తోడు జబ్బులు అనుకుందాం.

తల, మెడ కేన్సర్లంటే నోరు, నాలుక, గొంతు, స్వరపేటిక, ముక్కు వెనుక భాగం, లాలాజల గ్రంథుల్లో వచ్చేవి. ప్రపంచమంతా కలిపి ఏటా సుమారు 9 లక్షల మందికి కొత్తగా వస్తున్నాయి. వీటిలో ఎక్కువ భాగానికి మూలం పొగాకు, మద్యం. తోడు జబ్బుల కథ కూడా అక్కడే మొదలవుతుంది. గొంతు పొరను పాడుచేసిన పొగ అక్కడితో ఆగదు. ఊపిరితిత్తుల్లోకి దిగి, గాలి దారులు ఇరుకై ఆయాసం పెట్టే సీఓపీడీ అనే జబ్బు తెస్తుంది. రక్తంలో కలిసి గుండె ధమనుల్ని, కాళ్ల ధమనుల్ని పూడుస్తుంది. నోటిని, గొంతును తడిపిన మద్యమే లివర్‌ను గట్టిపరుస్తుంది. ఇవన్నీ ఒకే చెట్టు కాయలు. అందుకే స్వరపేటిక కేన్సర్ వచ్చిన మనిషికి గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో కూడా ఉందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. లేదంటేనే మరోసారి పరీక్ష చేసి చూడాలి.

కొలవడం ఎలా మొదలైంది

కోమార్బిడిటీ అన్న మాటను 1970లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్వన్ ఫైన్‌స్టీన్ వాడుకలోకి తెచ్చారు. ఆయన అభ్యంతరం సూటిగా ఉండేది. రెండు చికిత్సల్లో ఏది మేలో తేల్చడానికి రోగుల ఫలితాలను పోలుస్తున్నారు సరే, ఆ రోగులకున్న మిగతా జబ్బులను లెక్కలోకి తీసుకోకపోతే ఆ పోలికకు అర్థమేముంది? ఆపరేషన్‌కు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను, రేడియేషన్‌కు నీరసించినవాళ్లను పంపితే, ఆపరేషనే గొప్పదన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అక్కడ గెలిచింది చికిత్స కాకపోవచ్చు, రోగి గుండె కావచ్చు.

1987లో మేరీ ఛార్ల్‌సన్ బృందం 19 జబ్బులకు 1 నుంచి 6 దాకా మార్కులిచ్చి ఒక సూచీ తయారుచేసింది. గుండెపోటుకు 1, కాస్త ముదిరిన కిడ్నీ జబ్బుకు 2, ముదిరిన లివర్ జబ్బుకు 3, ఇలా. ఎయిడ్స్‌కు ఏకంగా 6 మార్కులిచ్చారు. ఆ రోజుల్లో అది సబబే. మంచి మందులొచ్చాక హెచ్ఐవీ ఉన్నవారు దశాబ్దాలు బతుకుతున్నారు కాబట్టి ఆ 6 ఇప్పుడు చెల్లదు. సూచీలు తాము పుట్టిన కాలాన్ని మోస్తూ తిరుగుతాయి, ఆ సంగతి గుర్తుపెట్టుకుని వాడాలి.

తల, మెడ కేన్సర్ల విషయంలో ఎక్కువ పనికొచ్చిన కొలమానం ఏసీఈ-27. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చెవి, ముక్కు, గొంతు నిపుణుడు జే పిచిరిల్లో దీన్ని ముందుకు తెచ్చారు. ఇందులో 27 రకాల జబ్బులుంటాయి. జబ్బు ఉందా లేదా అన్నదానితో ఆగకుండా, ఎంత తీవ్రంగా ఉందో అడుగుతుంది. మాత్రలతో అదుపులో ఉన్న షుగరు స్వల్పం. ఇన్సులిన్ వాడాల్సి వస్తే మధ్యస్థం. షుగరు వల్ల కిడ్నీ వంటి అవయవం చెడిపోయి ఉంటే తీవ్రం. గుండెపోటు వచ్చి ఆరు నెలలు దాటితే మధ్యస్థం, దాటకపోతే తీవ్రం. మొత్తం మీద ఏ జబ్బు ఎక్కువ తీవ్రంగా ఉంటే అదే రోగి గ్రేడ్ అవుతుంది. ఒక్క మినహాయింపు ఉంది: వేర్వేరు అవయవ వ్యవస్థల్లో రెండు మధ్యస్థ జబ్బులుంటే, ఆ రోగిని తీవ్రం కింద లెక్కిస్తారు.

ఈ మినహాయింపు చాలా తెలివైనది. మాత్రలతో బీపీ, మాత్రలతో షుగరు ఉన్న మనిషి స్వల్పంలోనే ఉంటాడు. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చి, ఇప్పుడు ఇన్సులిన్ తీసుకుంటున్న మనిషి తీవ్రంలోకి వెళ్తాడు. కేస్ షీట్ మీద మాత్రం ఇద్దరికీ రెండేసి జబ్బులే రాసి ఉంటాయి. పేర్లు లెక్కపెడితే ఇద్దరూ సమానమే, శరీరంలో మిగిలిన శక్తిని బట్టి చూస్తే అసలు పొంతనే లేదు.

2004లో పిచిరిల్లో బృందం జామా పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో 17,712 మంది కేన్సర్ రోగులున్నారు. తల, మెడ కేన్సర్లతో పాటు రొమ్ము, ప్రొస్టేట్, ఊపిరితిత్తుల వంటి కేన్సర్లు కూడా అందులో కలిసే ఉన్నాయి. తోడు జబ్బు లేనివారితో పోలిస్తే మరణించే ముప్పు స్వల్ప జబ్బులున్నవారిలో 1.21 రెట్లు, మధ్యస్థమైతే 1.86 రెట్లు, తీవ్రమైతే 2.56 రెట్లు కనిపించింది. ఈ రెట్లను అర్థం చేసుకోవడంలో జాగ్రత్త కావాలి. 2.56 రెట్లంటే ఆయుష్షు రెండున్నర వంతులు తగ్గిందని కాదు. ఒకే కాలంలో, ఒకేలాంటి రెండు గుంపుల్లో, ఒక గుంపులో ఒకరు పోయేసరికి రెండో గుంపులో రెండున్నర మంది చొప్పున పోతున్నారని. అది గుంపు లెక్క. ఎదురుగా కూర్చున్న ఒక మనిషికి ఇన్ని నెలలని చెప్పడానికి అది పనికిరాదు.

వయసును తోడు జబ్బులతో కలిపేయడం మరో పొరపాటు. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచే 75 ఏళ్ల మనిషి, లివర్ గట్టిపడి (సిర్రోసిస్) పొట్టలో నీరు చేరిన 50 ఏళ్ల మనిషి కంటే కేన్సర్ చికిత్సను బాగా తట్టుకుంటాడు. 45 ఏళ్లలోపు తల, మెడ కేన్సర్ రోగుల మీద 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో కూడా ఛార్ల్‌సన్ సూచీ మనుగడను పసిగట్టగలిగింది. అంటే ఇది ముసలితనానికి పెట్టిన మరో పేరు కాదు.

ప్రాణం పోయేది దేనివల్ల

డెన్మార్క్‌లో ప్రతి తల, మెడ కేన్సర్ రోగి వివరాలూ ఒక జాతీయ రిజిస్టర్‌లోకి ఎక్కుతాయి. అందులోని 12,623 మందిని పరిశీలించి 2013లో ఒక అధ్యయనం వెలువడింది. మూడో వంతుకు పైగా మందికి ఏదో ఒక తోడు జబ్బు ఉంది. గుండె, రక్తనాళాలు, ఊపిరితిత్తులవే ఎక్కువ. తోడు జబ్బులు పెరిగేకొద్దీ మొత్తం మరణాలు పెరిగాయి. కేన్సర్ వల్ల చనిపోయే ముప్పు మాత్రం వాటితో పాటు పెరగలేదు.

ఇది ఆగి ఆలోచించాల్సిన ఫలితం. కేన్సర్ చికిత్స తోడు జబ్బులున్నవారి మీదా లేనివారి మీదా దాదాపు ఒకేలా పనిచేసింది. ఆ తర్వాత గుండె జబ్బు గుండె జబ్బులాగే, ఊపిరితిత్తుల జబ్బు ఊపిరితిత్తుల జబ్బులాగే మనిషిని తీసుకుపోయింది. గణాంకశాస్త్రంలో దీన్ని పోటీ మరణం అంటారు. ఒక మరణం ముందే వచ్చేస్తే రెండోదానికి అవకాశమే ఉండదు.

పోటీ ఎక్కడ బలంగా ఉంటుందో గమనించాలి. స్వర తంత్రుల మీద చిన్న గడ్డ ఉన్నవారిని తీసుకుందాం. లేజర్‌తోనో రేడియేషన్‌తోనో నూటికి దాదాపు 90 మందిలో ఆ గడ్డ పూర్తిగా అదుపులోకి వస్తుంది. ఇక వచ్చే పదేళ్లలో వాళ్ల ప్రాణానికి ముప్పు ఎటు నుంచి? గుండె నుంచి, ఊపిరితిత్తుల నుంచి, రెండో కేన్సర్ నుంచి. పొగ తాకిన పొర మొత్తం కేన్సర్‌కు సిద్ధంగా ఉంటుందని 1953లోనే స్లాటర్ బృందం చూపింది, అందుకే ఒక గడ్డ నయమైనా ఊపిరితిత్తుల్లోనో అన్నవాహికలోనో మరొకటి మొలవచ్చు. నాలుగో స్టేజ్ నాలుక కేన్సర్‌లో కథ తలకిందులవుతుంది. గడ్డ అంత వేగంగా పెరిగేటప్పుడు గుండె వంతు వచ్చేదాకా సమయమే ఉండదు.

దీన్నిబట్టి తేలేది చాలామంది అనుకునేదానికి ఎదురుగా ఉంటుంది. కేన్సర్ ఎంత చిన్నదైతే తోడు జబ్బు అంత పెద్దది. చిన్న గడ్డ నయమైన మనిషిని ఐదేళ్ల పాటు పిలిచి, గొంతులో స్కోప్ పెట్టి చూసి, అంతా బాగుందని పంపేస్తారు. బీపీ ఎంతుందని అడిగేవారుండరు. కొలెస్ట్రాల్ చూసేవారుండరు. సిగరెట్ మానారా అని ఒకసారి అడిగి ఊరుకుంటారు. ఆ మనిషి ఆయుష్షు ఆ మూడింటి మీదే ఎక్కువ ఆధారపడి ఉందన్న సంగతి కేన్సర్ క్లినిక్‌లో మరుగున పడిపోతోంది. ఇది చిన్న లోపమేమీ కాదు.

చికిత్సే పలచబడితే

డెన్మార్క్ లెక్క అంతటా వర్తిస్తుందనుకోవడం మాత్రం తొందరపాటు. తోడు జబ్బు కేన్సర్ చేత కూడా చంపించగలదు. చికిత్సకు అడ్డం పడితే చాలు, ఆ పని జరిగిపోతుంది.

ముదిరిన తల, మెడ కేన్సర్‌కు రేడియేషన్‌తో పాటు ఇచ్చే ప్రధానమైన కీమో మందు సిస్‌ప్లాటిన్. 93 ట్రయల్స్‌లోని 17,346 మంది వివరాలు కలిపి 2009లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, రేడియేషన్‌తో పాటే కీమో ఇస్తే ఐదేళ్ల తర్వాత బతికి ఉండేవారు నూటికి 6.5 మంది పెరుగుతారు. వయసు పెరిగేకొద్దీ ఆ లాభం తగ్గుతూ వచ్చి, 70 దాటినవారిలో కనిపించలేదు.

సిస్‌ప్లాటిన్ ఎక్కించే రోజు ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే తోడు జబ్బులు ఎక్కడ అడ్డుపడతాయో తెలుస్తుంది. ఈ మందు కిడ్నీల గొట్టాలను దెబ్బతీస్తుంది, అందుకని మందుకు ముందూ తర్వాతా సెలైన్ లీటర్ల కొద్దీ ఎక్కించి మూత్రం ధారగా పోయేలా చూస్తారు. గుండె బలంగా ఉన్న మనిషికి అది ఇబ్బంది కాదు. గుండె వైఫల్యం ఉన్న మనిషికి ఆ సెలైనే ముప్పు. పంపు సరిగా పనిచేయక నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి, రాత్రికి పడుకోలేక లేచి కూర్చుంటాడు. వాంతులు రాకుండా మందుతో పాటు డెక్సామెథసోన్ ఇస్తారు. అది స్టెరాయిడ్ కాబట్టి షుగరున్న మనిషికి ఆ రెండు మూడు రోజులూ చక్కెర విపరీతంగా పెరుగుతుంది. షుగరు వల్ల అప్పటికే అరికాళ్లు తిమ్మిరెక్కి ఉంటే, నరాల మీద సిస్‌ప్లాటిన్ దెబ్బ అదనం. చెవుడు ముందే ఉంటే ఉన్న వినికిడి కూడా పోవచ్చు. గుండె, కిడ్నీ, నరాలు, చెవి: ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి బాగా దెబ్బతిని ఉన్నా ఈ మందు ఇవ్వడానికి డాక్టర్ వెనకాడతారు. వెనకాడటం న్యాయమే. కానీ ఆ వెనుకంజ వల్ల నూటికి 6.5 మందిలో ఒకరయ్యే అవకాశం పోతుంది.

అలాంటివారికి ఏమివ్వాలన్న ప్రశ్నకు చాలాకాలం సరైన జవాబు లేదు. కారణం మామూలుదే. కొత్త మందుల ట్రయల్స్‌లోకి కిడ్నీలు బాగున్నవారిని, గుండె బాగున్నవారిని ఏరి తీసుకుంటారు. ఆ ఫలితాలు చూసి అందరికీ చికిత్స నిర్ణయిస్తారు. ఎవరికి ఆధారం అన్నిటికంటే ఎక్కువ కావాలో వాళ్ల గురించే ఆధారం అన్నిటికంటే తక్కువ. ఈ లోటును నేరుగా పట్టించుకున్న ట్రయల్స్‌లో ఒకటి ముంబయిలోని టాటా మెమోరియల్ హాస్పిటల్‌లో జరిగింది. సిస్‌ప్లాటిన్ ఇవ్వడానికి వీల్లేని 356 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి రేడియేషన్ ఒక్కటే, రెండో భాగానికి రేడియేషన్‌తో పాటు వారానికోసారి తక్కువ మోతాదులో డోసెటాక్సెల్ అనే మరో కీమో మందు. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండేళ్లకు బతికి ఉన్నవారు మొదటి భాగంలో 41.7 శాతం, రెండో భాగంలో 50.8 శాతం. కొత్తదీ ఖరీదైనదీ అయినంత మాత్రాన మందు మేలు చేస్తుందని చెప్పలేం. ఇలాంటి రోగుల్లోనే ఇమ్యునోథెరపీ మందు డుర్వాలుమాబ్‌ను అంతకుముందు నుంచీ ఉన్న సెటుక్సిమాబ్ అనే మందుతో పోల్చిన అమెరికన్ ట్రయల్‌లో డుర్వాలుమాబ్ మెరుగని తేలలేదు.

రేడియేషన్‌కు ఇంత వడపోత ఉండదు. దాదాపు ఎవరికైనా మొదలుపెట్టవచ్చు. పూర్తిచేయడమే కష్టం. సాధారణంగా 6, 7 వారాలు, వారానికి ఐదు రోజుల చొప్పున 30 నుంచి 35 సిట్టింగులు. మధ్యలో రోజులు పోతే గడ్డలో మిగిలిన కణాలు మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. చికిత్స ఒక్కరోజు సాగితే గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం లేదా కాస్త ఎక్కువే తగ్గుతుందని స్థూలమైన లెక్క. సీఓపీడీ ఉన్న మనిషికి నాలుగో వారంలో న్యుమోనియా వచ్చి పది రోజులు ఆగిపోయిందనుకోండి, ఆ నష్టం రిపోర్టులో ఊపిరితిత్తుల ఖాతాలో పడదు. రెండేళ్ల తర్వాత గొంతులో గడ్డ తిరగబెట్టినప్పుడు దాన్ని కేన్సర్ మరణంగానే రాస్తారు. తోడు జబ్బు చేసిన పని అలా కనపడకుండా పోతుంది. కేన్సర్ మరణాలు, ఇతర మరణాలు అని గీత గీసి చదివేటప్పుడు ఈ మెలిక గుర్తుంచుకోవాలి.

కాలి ధమని దవడను నిర్ణయిస్తుంది

ఆపరేషన్ విషయానికొస్తే తోడు జబ్బుల చేయి ఇంకా స్పష్టంగా కనపడుతుంది. కింది దవడ ఎముకను కేన్సర్ తినేస్తే ఆ ముక్క తీసేసి, కాలిలోని ఫిబ్యులా ఎముకను దాని రక్తనాళాలతో సహా తెచ్చి దవడగా అమరుస్తారు. కాలి పిక్కలో మూడు ధమనులుంటాయి. ఎముకతో పాటు వాటిలో ఒకటి వచ్చేస్తుంది. మిగతా రెండూ బాగుంటే పాదానికి ఢోకా లేదు. ఏళ్ల తరబడి పొగతాగి, షుగరు కూడా ఉన్న మనిషిలో ఆ రెండూ పూడిపోయి, పాదం అంతా ఈ ఒక్క ధమని మీదే బతుకుతూ ఉండవచ్చు. అది తీస్తే పాదం పోతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు కాళ్లకు సీటీ యాంజియో, అంటే రక్తనాళాలను చూపే స్కాన్, తీస్తారు. వేరే చోటి నుంచి, ఉదాహరణకు భుజం వెనుక రెక్క ఎముక నుంచి ముక్క తేవాలా, లేక ఎముక పెట్టకుండా కండతోనే కప్పేయాలా అన్నది ఆ ఫిల్మ్ చూశాకే నిర్ణయమవుతుంది. నోటి కేన్సర్ రోగికి మొహం ఎలా ఉంటుంది, ఏం నమలగలడు అన్నవి ఇలా అతని పిక్కలోని ఒక నాళం మీద ఆధారపడతాయి.

స్వరపేటికలోనూ అంతే. చిన్న గడ్డ అయితే పేటికలో కొంతభాగం తీసి గొంతును కాపాడవచ్చు. కానీ ఆ ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు మింగిన తడి కొంత శ్వాసనాళంలోకి జారుతుంది. గట్టిగా దగ్గి దాన్ని బయటికి నెట్టే ఊపిరితిత్తులుండాలి. సీఓపీడీ ముదిరిన మనిషికి ఆ బలం ఉండదు, న్యుమోనియాతో పోతాడు. అందుకని కొంతభాగంతో సరిపోయే గడ్డకు కూడా అతనిలో పేటిక మొత్తం తీసేయాల్సి వస్తుంది, లేదా ఆపరేషన్ వదిలేసి రేడియేషన్‌కు పంపాల్సి వస్తుంది.

మద్యం అలవాటు గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. ఆపరేషన్ అయిన రెండో మూడో రోజు రాత్రి రోగి వణకడం, లేనివి కనపడుతున్నాయనడం, గొట్టాలు పీకేసుకోవడం మొదలుపెడితే అది చాలాసార్లు మద్యం ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చే స్థితి. పుష్కలంగా తాగే మనిషి సంకోచంతో కొంచెమే అని చెప్పి ఉంటాడు, ఇంట్లోవాళ్లు పరువు కోసం అసలు లేదని చెప్పి ఉంటారు. నిజం ముందే తెలిస్తే థయామిన్ అనే విటమిన్, తగిన మందులు మొదలుపెట్టి దీన్ని చాలావరకు ఆపవచ్చు. కోసి కుట్టిన సన్నని రక్తనాళం తెగిపోయాక తెలిస్తే ఏం లాభం?

షుగరు, పోషకాహార లోపం గాయాన్ని మాననివ్వవు. పేటిక తీసేసిన తర్వాత కుట్టు విడిపోయి మెడ మీదికి ఉమ్మి కారే దారి ఏర్పడితే వారాల తరబడి మానదు. తర్వాత ఇవ్వాల్సిన రేడియేషన్ ఆరు వారాల్లోపు మొదలు కావాలి. గాయం మానేదాకా ఆగితే ఆ గడువు దాటిపోతుంది.

అంకె సరిచేస్తే జబ్బు సరైనట్టేనా

రక్తహీనత ఉన్నవారిలో రేడియేషన్ సరిగా పనిచేయదని చాలాకాలంగా తెలుసు. గడ్డలో ఆక్సిజన్ తక్కువైతే రేడియేషన్ దెబ్బను కణాలు తట్టుకుంటాయి. అలాంటప్పుడు హిమోగ్లోబిన్ పెంచితే సరి కదా అనిపిస్తుంది. ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లతో పెంచి చూశారు. 351 మందితో చేసిన ఆ ట్రయల్ ఫలితాలు 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. హిమోగ్లోబిన్ పెరిగింది. కేన్సర్ అదుపు మాత్రం ఆ మందు తీసుకోనివారి కంటే తగ్గింది. తోడు జబ్బు ఆయుష్షును తగ్గిస్తుందన్న లెక్క నుంచి, దాని ల్యాబ్ అంకెను సరిచేస్తే ఆయుష్షు పెరుగుతుందన్న లెక్కకు నేరుగా దూకకూడదని ఈ ఒక్క ట్రయల్ చాలు చెప్పడానికి.

మరి మార్చగలిగేవి ఏవి? వీటిలో మొదటి స్థానం సిగరెట్‌దే. రేడియేషన్ జరుగుతున్న రోజుల్లో కూడా పొగతాగినవారిలో గడ్డ పూర్తిగా కరిగింది 45 శాతం మందిలో, మానినవారిలో 74 శాతం మందిలో అని 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. రెండేళ్ల మనుగడ 39 శాతం, 66 శాతం. కేన్సర్ వచ్చాక మానేసి ఏం లాభం అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు అక్కర్లేదు.

హ్యూమన్ పాపిల్లోమా వైరస్ వల్ల వచ్చే గొంతు కేన్సర్‌ను ఇక్కడ విడిగా చూడాలి. 2010లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో వైరస్ ఉన్నవారిలో మూడేళ్ల మనుగడ 82.4 శాతం, లేనివారిలో 57.1 శాతం. వైరస్ వల్ల కేన్సర్ వచ్చినవారు సాధారణంగా వయసులో చిన్నవారు, పొగ తక్కువ, తోడు జబ్బులు తక్కువ. మంచి ఫలితంలో కొంత వాటా వీటిది. వాటిని సర్దుబాటు చేశాక కూడా తేడా నిలిచింది కాబట్టి ఆ గడ్డ స్వభావమే వేరని ఒప్పుకోవాలి. అయినా అదే అధ్యయనంలో పొగ లెక్క పెరిగేకొద్దీ మరణ ముప్పు పెరిగింది, వైరస్ ఉన్నా లేకపోయినా.

లెక్కలోకి సరిగా రాని తోడు జబ్బు డిప్రెషన్. మాట, మింగడం, మొహం మూడూ ఒకేసారి దెబ్బతినే కేన్సర్ ఇది. డిప్రెషన్ వచ్చిన మనిషి రేడియేషన్‌కు రావడం మానేస్తాడు, గొట్టంలో పోసే ఆహారం వద్దంటాడు, మళ్లీ సిగరెట్ పట్టుకుంటాడు. 2013లో వచ్చిన ఒక ట్రయల్‌లో డిప్రెషన్ ఇంకా రాని 148 మంది తల, మెడ కేన్సర్ రోగులను తీసుకుని కొందరికి చికిత్స మొదట్లోనే డిప్రెషన్ మందు ఎస్సిటాలోప్రామ్ ఇచ్చారు. మందు తీసుకున్నవారిలో 10 శాతం మందికి, డమ్మీ మాత్ర తీసుకున్నవారిలో 24.6 శాతం మందికి డిప్రెషన్ వచ్చింది. సీఓపీడీని ముందే కనిపెట్టి సిద్ధపడే ఆసుపత్రి, డిప్రెషన్ విషయంలో మాత్రం రోగి ఏడ్చేదాకా ఎందుకు ఆగాలి?

బయాప్సీకీ చికిత్సకూ మధ్య దొరికేది రెండు మూడు వారాలే, కేన్సర్ అంతకంటే ఎక్కువ ఆగదు. ఆ కాస్త సమయంలో అన్నీ చక్కబడవు. హెచ్‌బీఏ1సీ పరీక్ష చూపేది రక్తంలో చక్కెర మూడు నెలల సగటు కాబట్టి అది 10 నుంచి 7కు దిగేదాకా ఆపరేషన్ ఆపడం తప్పు. రోజువారీ షుగరును ఇన్సులిన్‌తో నాలుగైదు రోజుల్లో దారికి తేవచ్చు, అది చాలు. ఇన్‌హేలర్లు సరిగా పీల్చడం నేర్పించడం, పుచ్చిన పళ్లు రేడియేషన్‌కు కనీసం పది రోజుల ముందు తీయించడం, బరువు తగ్గిపోతున్నవారికి ముందే ముక్కు గొట్టం వేయడం ఈ వారాల్లోనే జరగాలి. ఇవన్నీ కలిసి చికిత్సను మధ్యలో ఆగకుండా నడిపిస్తాయి.

చికిత్స ముగిశాక తోడు జబ్బుల జాబితా తగ్గదు, పెరుగుతుంది. మెడకు రేడియేషన్ తీసుకున్న చాలామందిలో థైరాయిడ్ నెమ్మదిగా మందగిస్తుంది. నీరసం, బరువు, మలబద్ధకం అన్నీ కేన్సర్ వల్లే అనుకుంటూ నెలలు గడిపేస్తారు, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చూస్తే తెలిసిపోయేదే. మెడలోని కెరోటిడ్ ధమనులు ఏళ్ల తర్వాత ఇరుకై పక్షవాతానికి దారితీయవచ్చు. మింగడం సరిగా రాక ఊపిరితిత్తుల్లోకి జారే ఆహారం పదే పదే న్యుమోనియా తెస్తుంది. పాత జబ్బుల మందులనూ మళ్లీ చూసుకోవాలి. చికిత్సలో పది, పన్నెండు కిలోలు తగ్గి, గొట్టంలోంచి కొలతగా పోసే ద్రవంతో బతుకుతున్న మనిషి, కేన్సర్‌కు ముందు రాసిన బీపీ మాత్రలనే అదే మోతాదులో వేసుకుంటూ ఉంటాడు. మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోతాడు. షుగరు మాత్రలూ అంతే, తినేది సగమైనా మోతాదు మారకపోతే తెల్లవారుజామున చెమటలు పట్టి స్పృహ తప్పుతుంది. రేడియేషన్ చివరి వారంలోనే ఆ మాత్రల చీటీని గుండె డాక్టర్‌కో షుగరు డాక్టర్‌కో చూపించి, ఏది తగ్గించాలో, ఏది ఆపాలో రాయించుకోవాలి.